దుబాయ్ షాపుల పెట్టిన వెండి ఎవరిది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే దారిలో ఉన్నయి. ఒకటి హనుమకొండ నుంచి, ఒకటి కరీంనగర్ నుంచి, ఒకటి జగిత్యాల నుంచి. ముగ్గురికీ ఒకరికొకరు తెల్వదు కానీ ముగ్గురిదీ వెండి నగలు బయట దేశానికి పంపే ముచ్చటే, అందుకే పేజీ మొత్తం వీటికే ఇస్తున్న.

ప్రశ్న: అక్కా నమస్తే. మాది హనుమకొండ. ఎనిమిదేండ్ల సంది వెండి నగలు డిజైన్ చేస్తున్న, ఎక్కువ ఫిలిగ్రీనే, అంటే సన్న వెండి తీగ అల్లి చేసే పని. బొమ్మ గీసేది నేను, తీగ పని చేసేది కరీంనగర్ల నలుగురు కారిగర్లు. కాకతీయ తోరణం కమ్మలు, బతుకమ్మ బుట్టలు, వేయిస్తంభాల గుడి పువ్వు పతకం, ఇవి బాగా పోతయి, ఇన్‌స్టాల రోజూ ఫోటోలు పెడుతున్న. మొన్న హైదరాబాద్ ఎగ్జిబిషన్ల ఒకాయన కలిసిండు, తెలుగాయనే, దుబాయ్‌ల ట్రేడింగ్ కంపెనీ ఉందట. నా మాల్ మొత్తం గల్ఫ్‌ల, లండన్‌ల, సింగపూర్‌ల తనే అమ్ముతా అంటుండు. ముందు 6 కేజీలు పంపాలె, అమ్ముడుపోయినకొద్ది పైసలు పంపుతడు, అమ్మిన రేటుల 40 శాతం ఆయనకు. ఐదేండ్లు ఇంకెవ్వరికీ ఇయ్యొద్దు. నా బ్రాండ్ పేరు అక్కడ ఆయనే రిజిస్టర్ చేయిస్తడట, "నీకెందుకమ్మా ఆ తిప్పలు" అన్నడు. మా ఆయన ఏమో ఇంత మంచి అవకాశం మల్ల రాదు సంతకం పెట్టు అంటడు, మా అన్న వద్దంటడు. జీఎస్టీ ఉంది, ఎక్స్‌పోర్ట్ ఎప్పుడూ చెయ్యలే. మనిషి మంచిగనే మాట్లాడుతుండు. ఆయన ఇచ్చిన అగ్రిమెంట్ కాపీ దీంతోటి పంపుతున్న. ఏం చెయ్యమంటరు, కాగితాలు ఏమేం కావాలె?

జవాబు: చెల్లె, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. ఆయన మంచోడా కాదా అన్నది నేను ఈడ కూసొని చెప్పలేను, చెప్పినా తప్పైతది. కానీ నువ్వు పంపిన అగ్రిమెంట్ కాపీల ఒక మాట ఎక్కడా రాసి లేదు, అది అడిగితే సగం సంగతి అక్కడ్నే తేలుతది. ఆ 6 కేజీల వెండి నీ ఇంట్లకెల్లి బయల్దేరినంక అమ్ముడుపోయేదాక ఎవరిది?

బయట దేశంల మన మాల్ అమ్మేటోళ్లు రెండు రకాలు. ఒకరు మన దగ్గర కొనుక్కొని, పైసలు కట్టి, వాళ్ల రేటుకు వాళ్లు అమ్ముకుంటరు, మాల్ మిగిలితే వాళ్ల నష్టం. ఇంకొకరు మన మాల్ మన పేరు మీదనే ఉంచి అమ్మిపెడతరు, కమీషన్ తీసుకుంటరు, మిగిలితే మన నష్టం. రెండూ నడుస్తున్న పద్ధతులే, ఏదీ మోసం కాదు. కానీ కొనుక్కునేటోడు తన పైసలు పెట్టిండు కాబట్టి ఐదేండ్లు నాకే ఇయ్యి, మూడు దేశాలు నాకే ఇయ్యి అని అడిగితే దానికో న్యాయం ఉంటది. ఈయన ఒక్క రూపాయి పెట్టకుండ, కొనుక్కునేటోని హక్కులన్నీ అడుగుతుండు, నష్టమొస్తే మాత్రం నీ మీదనే ఉంచుతుండు. నాకు నచ్చనిది ఇదొక్కటే, మిగతావన్నీ దీనికెల్లి పుట్టినయే.

నేను ఇది పుస్తకం చూసి చెప్తలేను. పన్నెండేండ్ల కింద మా అత్తగారింట్ల వరంగల్ కొత్తవాడ దరీల (జంపఖానాల) పని ఉన్నప్పుడు మేం కూడా ఇట్లనే అమ్ముడుపోయినంక పంపుతా అన్న ఒక పార్టీకి మాల్ ఎక్కించినం. మొదటి మూడు నెలలు పైసలు వచ్చినయి, తర్వాత ఫోన్లు తగ్గినయి, పద్నాలుగు నెలలకు మిగిలిన దరీలు వాపస్ వచ్చినయి, తడి గోదాముల పెట్టినట్టున్నరు, మచ్చలు పడ్డయి, రాను పోను కిరాయి మాదే. మగ్గం మీద కూసున్నోళ్లకు మేం అప్పటికే కూలి ఇచ్చేసినం. మా మామ ఆ మూటలు విప్పి ఒక్కొక్క దరీ నేల మీద పరిచి చూసుకుంట కూసున్న రోజు నాకింక యాదికుంది. దరీ అయితే ఉతికి ఈడ తక్కువకు అమ్ముకున్నం. ఫిలిగ్రీ అట్ల కాదు కదా, పీచు లాంటి తీగ, ఒక్కసారి నొక్కుకుపోతే ఆ పువ్వు మల్ల లేవదు, కరిగించుడే, కరిగిస్తే వెండి మిగులుతది కానీ మజూరి, తరుగు మొత్తం పోయినట్టే.

ఇగ వెండి రేటు సంగతి, దీని గురించి నువ్వు ఒక్క మాట రాయలేదు, అందుకే కొంచెం ఎక్కువ చెప్త. 2025 మొదట్ల కేజీ వెండి 90 వేలకు అటూ ఇటూ ఉండె, అదే ఏడు డిసెంబర్ల 2 లక్షలు దాటింది. ఒక లెక్క చూడు. 20 గ్రాముల బతుకమ్మ బుట్టల జత అనుకో, గ్రాము 90 రూపాయలున్నప్పుడు వెండి 1,800, కారిగర్ మజూరి 1,500 అనుకుందం, నీకు 1,200, మొత్తం 4,500 అని రేటు రాసిచ్చినవ్. మాల్ ఆయన షాపుల కూసున్నది, ఈలోపు గ్రాము 200 అయింది. ఇప్పుడు అదే జత మల్ల చెయ్యాలంటే వెండే 4,000, మజూరి 1,500, అంటే 5,500 పడతది, నీకు వచ్చేది మాత్రం 4,500. జతకు 1,000 తక్కువ. 6 కేజీలంటే 300 జతలు, అంటే 3 లక్షలు, నువ్వేం తప్పు చెయ్యకుండనే. ఆయనకు తెలియకుండ కూడ కావచ్చు, కానీ రేటు పెరిగిన లాభం షాపుల ఉన్నోనికి పోతది, నువ్వు మల్ల కొత్త రేటుకు వెండి కొనాలె. పడిపోతే ఏమైతదో కూడ ఆలోచించు, అప్పుడు ఆయన రేటు తగ్గించమని అడుగుతడు.

అందుకే నగకు ఒకటే గంపగుత్త రేటు రాసియ్యకు. వెండి వేరు, మజూరి వేరు, నీ డిజైన్ వేరు అని మూడు ముక్కలు చేసి రాయి. వెండి ముక్క ఏ రోజు రేటో కూడ రాయాలె, లండన్‌ల రోజూ మధ్యాహ్నం ఎల్‌బీఎంఏ (అక్కడి బంగారం, వెండి వ్యాపారుల సంఘం) వెండి రేటు వస్తది, లోకమంత దాన్నే చూస్తరు, ఆర్డర్ ఖాయమైన రోజు ఆ రేటు అని రాసుకుంటే ఎవరికీ గొడవ ఉండదు. దుబాయ్ వ్యాపారికి ఇది కొత్తేం కాదు, అక్కడ బంగారం అంత ఇట్లనే నడుస్తది. ఆయన దీనికి ఒప్పుకోకపోతే ఎందుకని అడుగు, జవాబు జాగ్రత్తగ విను.

నువ్వు ఆయనకు ఏం చెప్పాలె అంటవా. మొదటి విడత 6 కేజీలు కాదు, అర కేజీనో కేజీనో, సగం పైసలు అడ్వాన్స్, మిగతా సగం మాల్ ఎక్కేముందు. ఒక్కసారి ఇట్ల కొని అమ్మి చూడమను. బాగా పోతే రెండో ఆర్డర్ నుంచి గల్ఫ్ వరకు నీకొక్కనికే ఇస్త, ఒక్క ఏడాది, ఆ ఏడాదిల ఇంత మాల్ తీసుకోవాలె, తీసుకోకపోతే ఆ హక్కు దానంతట అదే పోతది అని రాపియ్యి. లండన్, సింగపూర్ ఇప్పుడు వద్దు, ఆయనకు అక్కడ షాపు ఉన్నట్టు కూడ నువ్వు రాయలేదు. ఇంకోటి, యూఏఈల కమర్షియల్ ఏజెంట్ అని ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేయించుకునే పద్ధతి ఉంది, ఒక్కసారి అట్ల రిజిస్టర్ అయినోన్ని తీసేయాలంటే నష్టపరిహారం అనుకుంట చానా తిప్పలు పడాల్సి రావచ్చు. 2022ల కొత్త చట్టం చేసిండ్రు, అయినా ఆ మాట అగ్రిమెంట్‌ల కనిపిస్తే వకీలుకు చూపకుండ సంతకం పెట్టకు.

కన్‌సైన్‌మెంటే, అంటే అమ్ముడుపోయినంకనే పైసలిచ్చే పద్ధతే కావాలె, ఇంకో దారి లేదు అంటే, అమ్ముడుపోయేదాక సొత్తు నాది అని, నెలనెలా ఏది అమ్మిండో ఏది మిగిలిందో లెక్క పంపాలె అని, ఇన్సూరెన్స్ ఆయనే కట్టాలె అని, ఫలానా తారీఖు లోపల అమ్ముడుపోనిది ఆయన ఖర్చు మీద వాపస్ అని రాపియ్యి. ఇక్కడ నీ బ్యాంకు కూడ చూస్తుంటది, ఎక్స్‌పోర్ట్ చేసిన మాల్ పైసలు గడువులోపల రావాలె, ఎన్నో ఏండ్లు 9 నెలలు ఉండె, 2025 నవంబర్ల ఆర్‌బీఐ 15 నెలలు చేసింది. రాకపోతే నీ షిప్పింగ్ బిల్లు (మాల్ పంపేటప్పుడు కస్టమ్స్‌ల వేసే కాగితం) బ్యాంకు సిస్టంల అట్లనే ఓపెన్‌గ కనిపిస్తది, జవాబు చెప్పాల్సింది నువ్వు, దుబాయ్ ఆయన కాదు. ఈసీజీసీ అని కేంద్ర ప్రభుత్వ కంపెనీ, 1957 నుంచి ఉంది, కొన్నోడు పైసలు ఎగ్గొడితే నష్టం చానా వరకు ఇస్తది, చిన్నోళ్లకు వేరే పాలసీలు ఉన్నయి, అడ్వాన్స్ లేకుండ ఒక్క గ్రాము పంపినా ముందు అది తీసుకో. వాళ్లు ఆ కొనేటోని గురించి వాకబు చేస్తరు కూడ, ఆయనెవరో తెలుసుకోవాలని నీకున్న కోరిక అట్ల కూడ తీరుతది.

పేరు సంగతికి వస్తే నాకు కోపమే వచ్చింది చెల్లె. "నీకెందుకు తిప్పలు" అన్న మాటల ప్రేమ ఉండొచ్చు, కానీ ట్రేడ్‌మార్క్ ఎవరి పేరు మీద ఉంటే ఆ దేశంల ఆ పేరు వాళ్లది. రేపు ఆయనతోటి పడకపోతే నువ్వు ఇంకొకరితోటి దుబాయ్‌ల అమ్ముదామన్నా నీ పేరు మీద నువ్వే అమ్ముకోలేవు, లేదంటే కోర్టుల కొట్లాడాలె. ముందు ఇక్కడ నీ పేరు మీద వేయించుకో, నగలు 14వ క్లాసు, ఆన్‌లైన్‌ల వేస్తే ఒక్క మనిషికి ఫీజు 4,500 రూపాయలు. తర్వాత మాడ్రిడ్ పద్ధతి అని ఉంది, మన దేశం 2013ల చేరింది, యూఏఈ 2021 డిసెంబర్ల చేరింది, ఇక్కడి ట్రేడ్‌మార్క్ ఆఫీసు నుంచే ఒక్క దరఖాస్తుతోటి బయట దేశాలకు అడగొచ్చు. బేసిక్ ఫీజే 653 స్విస్ ఫ్రాంకులు, దేశానికింత అని పైన వేరే పడతది, ఖర్చే, కాదనను. ఇప్పుడు చేతిల లేకపోతే ఆగు, కానీ ఆయన పేరు మీద మాత్రం వెయ్యనియ్యకు, అగ్రిమెంట్‌ల "ఈ పేరు, ఈ పేరులాంటి పేరు ఆయన ఎక్కడా రిజిస్టర్ చేయించొద్దు" అని ఒక వాక్యం పెట్టు.

డిజైన్ల గురించి కూడ ఒక మాట. ఇన్‌స్టాల రోజూ పెడుతున్న అని రాసినవ్. మన డిజైన్స్ చట్టం 2000 ప్రకారం రిజిస్టర్ కావాలంటే ఆ డిజైన్ అంతకుముందు ఎక్కడా బయటపడి ఉండొద్దు, నువ్వే ఫోటో పెట్టినా బయటపడ్డట్టే. పెట్టినవాటి గురించి ఇప్పుడు బాధపడి లాభం లేదు, వచ్చే దసరాకు గీసే కొత్తవాటిల ప్రాణం లాంటివి నాలుగైదు తీసి, ఫోటో పెట్టకముందు, ఆయనకు వాట్సాప్ చెయ్యకముందు దరఖాస్తు వెయ్యి, ఒక్కదానికి ఫీజు 1,000 రూపాయలు, పదేండ్లు, ఆ తర్వాత ఇంకో ఐదేండ్లు రక్షణ. ఆయనకు నగ పంపు, గీసిన కాగితం పంపకు. తోరణం అందరిది, కానీ ఆ తోరణాన్ని చెవికి సరిపోయేటట్టు మలిచిన వంపు నీది.

కాగితాలు నువ్వనుకున్నంత కష్టం కాదు. ఐఈసీ (ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ కోడ్) నంబర్ కావాలె, డీజీఎఫ్‌టీ (కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య విభాగం) సైట్ల 500 రూపాయలు కడితే వస్తది, నీ పాన్ నంబరే ఐఈసీ నంబర్, ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపల ఒకసారి పోయి వివరాలు అప్‌డేట్ చెయ్యాలె, మర్చిపోతే పని చెయ్యదు. జీఎస్టీల ఎల్‌యూటీ అనే హామీ పత్రం వెయ్యి, ఆర్‌ఎఫ్‌డీ 11 ఫారం, ప్రతి ఆర్థిక సంవత్సరం కొత్తగ వెయ్యాలె, దాంతోటి 3 శాతం ట్యాక్స్ కట్టకుండనే పంపొచ్చు. బ్యాంకు దగ్గర ఏడీ కోడ్ (ఎక్స్‌పోర్ట్ పైసలు వచ్చే బ్యాంకు బ్రాంచి నంబర్) తీసుకొని కస్టమ్స్‌ల రిజిస్టర్ చేయించు. ముంబైల జీజేఈపీసీ ఉంది, 1966 నుంచి నగల ఎక్స్‌పోర్ట్ చూసే కౌన్సిల్, మెంబర్ అయితే ఎగ్జిబిషన్లకు, ప్రభుత్వ లాభాలకు పనికొస్తది. వెండి నగలకు కేజీ లెక్కన డ్యూటీ డ్రాబ్యాక్ (కట్టిన సుంకం వాపస్) కూడ ఉంది, మీ సీఏకు తెల్వకపోతే కస్టమ్స్ ఏజెంట్‌ను అడుగు. మామూలు కొరియర్లు చానా మంది వెండి బంగారం ముట్టుకోరు, విలువైన సరుకు తీసుకపోయే కంపెనీలు వేరే ఉంటయి, బ్రింక్స్, మల్కా అమిత్ లాంటివి, కిరాయి ముందు అడిగి రేటుల కలుపు.

దుబాయ్ మొదలు పెట్టుడు మంచి ఆలోచనే, ఆయన కోసం కాదు, ఒప్పందం కోసం. మన దేశానికి యూఏఈకి మధ్య సెపా అనే వాణిజ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్ల ఉంది, మన నగల మీద అక్కడ 5 శాతం సుంకం పోయింది. కానీ ఊరికే పోదు, ఈ మాల్ ఇండియాల తయారైంది అని సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ జత చెయ్యాలె, అది కూడ డీజీఎఫ్‌టీ ఆన్‌లైన్‌లనే ఇప్పిస్తది. లేకపోతే ఆ 5 శాతం ఆయన నీ బిల్లులకెల్లి కోస్తడు. అమెరికా గురించి అడగలే కానీ అడగబోతవ్, 2025 ఆగస్టు చివర్ల మన మాల్ మీద సుంకం 50 శాతం చేసిండ్రు, చిన్న పార్సిళ్లకు 800 డాలర్ల వరకు ఉన్న మినహాయింపు కూడ అప్పుడే తీసేసిండ్రు, తర్వాత కూడ ఈ రేట్లు మారుకుంట వస్తున్నయి, ఆర్డర్ వచ్చిన రోజు ఉన్న రేటు చూడకుండ ఎవరికీ మాటియ్యకు.

లండన్ ఎందుకు వద్దన్ననో కూడ చెప్త. అక్కడ 7.78 గ్రాములు దాటిన వెండి నగను వెండి అని చెప్పి అమ్మాలంటే హాల్‌మార్క్ ఉండాల్సిందే, 1973 చట్టం. లండన్, బర్మింగ్‌హామ్, షెఫీల్డ్, ఎడిన్‌బరో నాలుగు చోట్ల అసే ఆఫీసులు (లోహం పరీక్ష చేసి హాల్‌మార్క్ వేసేవి) ఉన్నయి, వాటిల ఒకదాంట్ల ఎవరో ఒకరు తమ ముద్ర రిజిస్టర్ చేయించుకోవాలె, ఆ ముద్ర నగ మీద పడతది. ఆయనది పడతదా నీది పడతదా? నీ బతుకమ్మ బుట్ట మీద ఇంకొకరి ముద్ర పడుడు నాకైతే మింగుడు పడదు. ఇంకా ఫిలిగ్రీల అతుకులెక్కువ, టంకం ఎక్కువ, తీగల వెండి నూటికి 92.5 ఉన్నా టంకం తక్కువ కసు (స్వచ్ఛత) ఉంటే నగ మొత్తం కరిగించి చూసినప్పుడు 92.5 కంటే కిందికి దిగుతది. 2025 జులైల భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలైనయి, లండన్ మంచి మార్కెటే అయితది, కానీ అక్కడికి నువ్వు నీ ముద్రతోటి పో, కొంచెం ఆలస్యమైనా సరే.

గొడవొస్తే ఎక్కడ తేల్చుకోవాలె అన్నది చివరి పేజీల చిన్న అక్షరాలల్ల ఉంది, దుబాయ్ కోర్టు అని. అది మార్పియ్యి. ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు), హైదరాబాద్‌ల, అని రాపియ్యి. 2021 డిసెంబర్ల హైదరాబాద్‌ల అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ సెంటర్ మొదలైంది, ఆర్బిట్రేషన్ తీర్పును అమలు చెయ్యడానికి 1958 న్యూయార్క్ ఒప్పందం ఉంది, మనమూ యూఏఈ ఇద్దరమూ అందుల ఉన్నం. మీ ఆయనకు ఈ జవాబు చదివి వినిపియ్యి, ఆయన తప్పు ఆలోచించలేదు, అవకాశం నిజమే. అన్నకు కూడ చెప్పు, వద్దు అనేదానికంటే ఎట్ల అనేది మాట్లాడుదమని.

ప్రశ్న: నమస్తే అక్క, మాది కరీంనగర్. మా తాత, మా నాయన ఇదే తీగ పని, నేను కూడ పన్నెండేండ్ల సంది చేస్తున్న. మాకు పని ఇచ్చే మేడంకు ఫారిన్ ఆర్డర్ వచ్చిందట. టంకంల కేడీఎం (కాడ్మియం) వాడొద్దు, కమ్మ పుల్ల వేరే రకం పెట్టాలె, నెలకు ఇన్ని జతలు కావాలె అంటున్నరు. మజూరి మాత్రం పాతదే. డబ్బా మీద కరీంనగర్ ఫిలిగ్రీ అని మా ఊరు పేరు వేస్తరట. మాకేం వస్తది ఇందుల?

జవాబు: తమ్ముడు, నువ్వు అడిగింది న్యాయమైన మాట. ముందు కేడీఎం సంగతి, ఎందుకంటే అది నీ ఊపిరితిత్తుల ముచ్చట. టంకంల కాడ్మియం కలిపితే తక్కువ వేడికే కరిగి సాఫీగ పారుతది, అందుకే అలవాటైంది. కానీ ఊదుగొట్టం పట్టుకొని మంట మీదికి వంగినప్పుడు ఆ పొగ నీ లోపలికే పోతది, ఊపిరితిత్తులు, కిడ్నీలు రెండూ పాడు చేస్తది. యూరప్ దేశాలల్ల నగల లోహంల కాడ్మియం 0.01 శాతం దాటొద్దు, సీసం 0.05 శాతం దాటొద్దు అని రూల్, మిషన్ కింద పెట్టి చూస్తరు, దాటితే మాల్ మొత్తం ఆపుతరు. పుల్ల వేరే పెట్టమన్నది నికెల్ గురించి, కుట్టిన చెవి రంధ్రంల ఉండే పుల్ల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.2 మైక్రోగ్రాముల కంటే తక్కువ నికెల్ రావాలె, కొందరికి నికెల్ తాకితే చెవి పుండైతది. కాబట్టి మేడం అడిగింది సరైనదే, ఆమె అడగకపోయినా నువ్వు మానెయ్యాల్సిందే. రాగి, జింకు కలిపిన వెండి టంకం వాడు, వెలిగారం మామూలే, కిటికీ దగ్గర కూసో, గాలి బయటికి లాగే ఫ్యాన్ ఒకటి పెట్టిపియ్యమను.

అయితే ఆ టంకం కరగాలంటే వేడి ఎక్కువ కావాలె, వేడెక్కువైతే సన్న తీగ కూడ కరిగిపోయే భయం, అంటే చెయ్యి నిదానం చెయ్యాలె, జతకు పట్టే టైం పెరుగుతది, ఖరాబయ్యేవి పెరుగుతయి. కమ్మచ్చుల నుంచి తీగ లాగి, రెండు తీగలు మెలేసి, చదును చేసి, చిమటాతోటి ఒక్కొక్క చుట్ట పెట్టే పని ఎంత సేపు పడతదో గ్రాము లెక్కల కనిపించదు. తేలిక నగకు ఎక్కువ పని, బరువు నగకు తక్కువ పని, గ్రాముకు మజూరి ఇస్తే తేలిక నగ చేసినోడే మునుగుతడు. అందుకే గ్రాముకు కాదు, జతకు మజూరి అడుగు. మొదటి పది జతలు కొత్త టంకంతోటి చేసి ఎన్ని గంటలు పట్టిందో, ఎంత తరుగు పోయిందో రాసిపెట్టు, ఆ కాగితం మేడం ముందు పెట్టి మాట్లాడు. ఖరాబైనదాని వెండి ఎవరి లెక్కల పోతదో కూడ ముందే తేల్చుకో.

ఊరి పేరు సంగతి. కరీంనగర్ సిల్వర్ ఫిలిగ్రీకి 2007ల జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది, అంటే ఆ పేరు ఒక మనిషిది కాదు, ఆ పని చేసేటోళ్లందరిది. జీఐ చట్టం 1999 ప్రకారం ఆ పేరు వాడుకోవాలంటే ఆథరైజ్డ్ యూజర్‌గ నమోదు కావాలె. ఎన్ని తరాలనుంచి చేస్తున్నా నమోదు లేకపోతే కాగితం మీద నువ్వు లేనట్టే. ఆ ఫీజు ముందు 500 ఉండె, 2020ల 10 రూపాయలు చేసిండ్రు. మీ సొసైటీ పెద్దలను కలిసి నీ పేరు, మీ నాయన పేరు రెండూ వేయించు. అప్పుడు డబ్బా మీద కరీంనగర్ అని వేసుకోవాలనుకునే ఏ మేడంకైనా నీతోటి పని పడతది. చేసినోని పేరు ఒక చిన్న కార్డు మీద రాసి నగతోటి పెట్టమని కూడ అడుగు, బయటోళ్లు చేతి పని కొనేటప్పుడు ఎవరు చేసిండ్రో చూస్తరు, ఆమెకు కూడ లాభమే, కాదంటదని నేననుకోను. ఒక్కటి గుర్తుపెట్టుకో, ఇక్కడి జీఐ బయట దేశంల దానంతట అది పనిచెయ్యదు, ప్రతి దేశంల వేరే అడగాలె, అది ఒక్క కారిగర్‌తోటి అయ్యే పని కాదు, సొసైటీ, ప్రభుత్వం చెయ్యాల్సింది, మీటింగుల ఆ మాట ఎత్తు.

మీ పని ఎలగందుల ఖిల్లా కాలం నుంచి వచ్చిందని మీ పెద్దలు చెప్తుంటరు. అత్తరుదానీలు, పాన్‌దాన్లు చేసిన చేతులవి, జతకు రేటు అడగడానికి మొహమాటపడకు.

ప్రశ్న: అమ్మా నమస్కారం. జగిత్యాల దగ్గర మా ఊరు. మా కొడుకు షార్జాల పని చేస్తడు, అక్కడ ఒక షాపాయన మన వెండి పట్టీలు, కమ్మలు తెచ్చిస్తే కొంటా అన్నడట. సెలవుకు వచ్చి పోయే పిల్లలు చానా మంది ఉన్నరు, ఒక్కొక్కరి సూట్‌కేసుల ఇన్ని పెట్టి పంపుదమనుకుంటున్న. అమ్మకానికే అని చెప్పకుంటే ఏమన్న అయితదా?

జవాబు: అన్నా, ఆ పని చెయ్యకు. ఒంటి మీద వేసుకున్న సొంత నగ వేరు, అమ్మకానికి తీసుకపోయే మాల్ వేరు. అమ్మకపు మాల్ షిప్పింగ్ బిల్లు లేకుండ దాటిస్తే ఇక్కడ కస్టమ్స్ తప్పు, అక్కడ కూడ తప్పే. యూఏఈల గిఫ్టులకు 3,000 దిర్హాముల వరకే మినహాయింపు, ఒకే రకం పట్టీలు ఇరవై జతలు కనిపిస్తే గిఫ్ట్ అని ఎవరూ నమ్మరు. దొరికేది నువ్వు కాదు, షాపాయన కాదు, అప్పు చేసి వీసా తీసుకొని పోయిన పిల్లగాడు. ఎవరో ఇచ్చిన మూట మోసి ఎయిర్‌పోర్టుల ఇరుక్కున్న పిల్లల ఇండ్లకు మన దిక్కు ఎంతమంది పోయి ఏడుస్తరో నీకు నేను చెప్పాల్నా.

సక్రమంగ పంపే దారి ఉంది కాబట్టి చెప్తున్న. నీ పేరు మీదనో ఇంట్ల చదువుకున్న పిల్ల పేరు మీదనో ఐఈసీ తీసుకో, పైన చెల్లెకు చెప్పినట్టు 500 రూపాయలే. నగలు మనిషి చేతిల తీసుకపోయే పద్ధతి కూడ చట్టంల ఉంది, కొన్ని ఎయిర్‌పోర్టులకే ఇచ్చిండ్రు, శంషాబాద్ అందుల ఉంది, బిల్లు రాసి, కస్టమ్స్‌ల చూపించి, సీలు వేయించుకొని తీసుకపోవాలె. ఒక కస్టమ్స్ ఏజెంట్‌ను పట్టుకుంటే రెండుసార్లు చేసేవరకు నీకే అలవాటైతది. అంతకుముందు మీ కొడుకుతోటి ఆ షాపు ట్రేడ్ లైసెన్స్ ఫోటో తెప్పియ్యి, ఎన్ని గ్రాములు, ఏ కసు, ఏ రేటు, పైసలు ఎప్పుడు అని షాపాయన దగ్గర రాతపూర్వకంగ ఒక్క కాగితం తీసుకో. ఆ రెండూ వచ్చినంక మల్ల రాయి, ఖర్చు లెక్క నేను వేసి చెప్త.